రెండో సంతకం

బందరు కాలవ పక్కన కడుతున్న ఆ ఆసుపత్రికి పునాదులు తీయకముందే చైను వచ్చింది. మెడలో వేసుకునే చైను కాదు, బ్లాక్‌చైను. హైదరాబాదు నుంచి సింధూరి అనే అమ్మాయి వచ్చి, రేకుల షెడ్డులో తెర కట్టి దాని సంగతి అందరికీ చెప్పింది. సైటుకి వచ్చే ప్రతి కాంక్రీటు లారీ, చేసే ప్రతి పరీక్ష, ఇచ్చే ప్రతి అనుమతి అందులో ఎక్కించాలి. ఎక్కించిన మరుక్షణం అది యజమాని దగ్గర, బ్యాంకు దగ్గర, డిజైను ఆఫీసులో, కాంట్రాక్టరు దగ్గర ఒకేసారి ఉంటుంది. ఒకరు తమ దగ్గర దిద్దుకున్నా మిగతావాళ్ళ దగ్గర అసలుది అలాగే ఉంటుంది కాబట్టి దొంగ ఇట్టే దొరికిపోతాడు. ఇకమీదట ఈ సైటులో అబద్ధానికి చోటు లేదని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది. మనవాళ్ళు ట్యాబ్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టారు.

అబద్ధం అంత మర్యాదస్తురాలైతే మన బతుకులు ఇలా ఎందుకుంటాయి? చెరపడం కుదరదని తెలిసిన రోజు నుంచీ ఆ సైటులో చెడ్డమాట రాసేవాడే లేకుండా పోయాడు. పూర్వం కాగితం రిజిస్టరులో కాంక్రీటు పలచగా ఉందని ఎర్ర సిరాతో రాసేవాళ్ళు, బాగుచేశాక కింద ఇంకో ముక్క రాసి సరిపెట్టేవాళ్ళు. ఇప్పుడు ఎర్ర గుర్తు ఒకటి పడిందంటే బ్యాంకువాడు చూస్తాడు, యజమాని చూస్తాడు, భవనం కూలగొట్టేదాకా అది అక్కడే ఉంటుంది. అందుకని ప్రాజెక్టు మేనేజరు జయకృష్ణ ఒక పద్ధతి పెట్టాడు. లోపం కనపడితే ముందు నోటితో చెప్పాలి, తర్వాత చూసి ఎక్కిద్దాం. ఆ 'తర్వాత' అనేది ఎన్నడూ వచ్చేది కాదు. దాంతో ఆ చైనులో అన్నీ పచ్చ టిక్కులే, పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు చెప్పే అబ్బాయి గుణగణాల్లాగా. యజమాని మాత్రం రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ పచ్చదనం చూసుకుని మురిసిపోయేవాడట.

ప్రతి ఎంట్రీకీ ఇద్దరి ఆమోదం కావాలి. నాణ్యత చూసే ఇంజినీరు కృపది ఒకటి, జయకృష్ణది రెండోది. ట్యాబ్‌లో వివరాలు కొట్టగానే ఇద్దరి ఫోన్లకీ చెరొక ఓటీపీ వస్తుంది, ఆ రెండూ వేస్తే టిక్కు పడుతుంది. ఏర్పాటు గట్టిదే. కానీ ఓటీపీ అంటే మన ఊళ్ళో ఏమిటి? గ్యాసుబండ తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి నంబరు చెప్పమ్మా అంటే చెప్పేది. కొరియరువాడికి చెప్పేది, బ్యాంకు మిత్ర అడిగితే చెప్పేది. అడిగినవాడికి చెప్పకపోతే వాడిని అనుమానించినట్టు, అవమానించినట్టు. అలా అలవాటైన నోరు ఆసుపత్రి స్లాబు దగ్గరికి వచ్చేసరికి మూతపడుతుందా? అనుమతులు ఎక్కించే ట్యాబ్ సైటు ఆఫీసులో ఉండేది, మామూలు నోట్లయితే ఎవరి ఫోన్ నుంచైనా రాయొచ్చు. కృప ల్యాబులో ఉన్నా, దారిలో ఉన్నా జయకృష్ణ ఫోన్ చేసి అడిగేవాడు, ఆమె చెప్పేసేది. ట్యాబ్ సైటులో ఉంది కాబట్టి, చైను లెక్క ప్రకారం కృప కూడా సైటులో ఉన్నట్టే.

కృప భవానీపురంలో పెరిగిన పిల్ల. తండ్రి లాజరు సెంట్రింగు మేస్త్రీ. స్లాబు పోయడానికి కింద ఇనప జాకీలు నిలబెట్టి, వాటి మీద పలకలు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని విప్పడం ఆయన వృత్తి. ఊళ్ళో సగం మేడలు తన జాకీల మీద నిలబడి లేచినవేనని గొప్పలు చెప్పేవాడు. సగం కాకపోయినా కొన్ని నిజమే. కూతురు ఇంజినీరై అదే సైటుకి వచ్చినప్పుడు ఆయన సంతోషం పట్టపగ్గాలు లేకుండా పోయింది. ఇంట్లో పాపా అని పిలిచేవాడు, గేటు దాటగానే "మేడమ్ గారూ, నమస్కారమండీ" అని తలపాగా తీసేవాడు. కూలీలు పగలబడి నవ్వేవాళ్ళు. కృపకి సిగ్గు ముంచుకొచ్చేది, లోపల మాత్రం ఎంతో బాగుండేది.

లాజరుకి ఒక ఆచారం ఉంది. సెంట్రింగు విప్పేటప్పుడు ఆఖరి వరస జాకీలు మిగిలాక మనుషులందరినీ బయటికి పంపేసేవాడు. తనొక్కడే లోపలికి వెళ్ళి, నుదుట సిలువ గుర్తు వేసుకుని, ఆ వరస తన చేత్తో తీసేవాడు. ప్రమాదమేదైనా ఉంటే అది మేస్త్రీది కావాలి, కూలికొచ్చినవాళ్ళది కాకూడదని ఆయన మాట. ఆ ఆఖరి వరసకి ముందు రోజుల తరబడి జాప్యం చేసేవాడని పాత కాంట్రాక్టర్లు విసుక్కునేవాళ్ళు. పైకెక్కి చూసేవాడు, కింద నుంచి చూసేవాడు, రేపు చూద్దాం అనేవాడు. చైను వచ్చాక ఆ జాప్యం మానేశాడు. విప్పమని అనుమతి వస్తే మేస్త్రీ ఫోన్‌కి పచ్చ టిక్కు వచ్చేది, దాని కింద అనుమతి ఇచ్చిన ఇంజినీరు పేరు ఉండేది. ఆ పేరు తన కూతురిది. ఇంక రేపు చూద్దాం అనడానికి ఆయనకి నోరెలా వస్తుంది?

పోర్టికో స్లాబు పోసిన రోజున ఏదో ఊరేగింపు ఉండి బెంజ్ సర్కిల్ దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. కాంక్రీటు ఇబ్రహీంపట్నం దగ్గరి ప్లాంటు నుంచి రావాలి. ముందొచ్చిన లారీలు పద్ధతిగానే వచ్చాయి. ఆఖరిది ఎండలో ఇరుక్కుపోయింది. లోపల సరుకు బిగుసుకుంటుంటే డ్రైవరు డ్రమ్ములోకి నీళ్ళు కొట్టాడు. నీళ్ళు పోస్తే కాంక్రీటు జారుతుంది గానీ బలం చస్తుంది. కృప చూసేసరికి సగం సరుకు పంపులోంచి పోర్టికో చివరి వైపుకి వెళ్ళిపోయింది. ఆపించింది, మిగతాది వెనక్కి పంపించింది. జయకృష్ణతో అక్కడే గట్టిగా చెప్పింది. పోర్టికో కింద జాకీలు తను పరీక్ష చేసి సరేననేదాకా ఎవరూ ముట్టుకోకూడదని. ఆయన అలాగేనమ్మా అన్నాడు. చైనులోకి మాత్రం ఎక్కించొద్దన్నాడు, ముందు చూద్దామన్నాడు. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం తప్పని ఆమెకి అప్పుడు అనిపించకపోలేదు, కానీ అందరూ చేసేదే కదా.

ఆ తర్వాత ఒక ఆదివారం కృప తల్లిదండ్రులతో కలిసి చర్చిలో పూజకి వెళ్ళింది. పాటల బృందంలో ఆమెది ముందు వరస. ఫాదర్ గారి ప్రసంగం ముగిసి, కానుకల పాట ఎత్తుకోబోతుండగా ఫోన్ వణికింది. రెండుసార్లు కట్ చేసింది. మూడోసారి పక్కనున్న ఆవిడ చూస్తోందని లేచి, చెప్పుల గూళ్ళ దగ్గరికి వచ్చి ఎత్తింది. జయకృష్ణ. సెంట్రింగు విప్పే అనుమతికి ఓటీపీ వచ్చిందట, చెప్పమన్నాడు. తను చూడాలి కదా అంది. కాంక్రీటు దిమ్మల్ని ల్యాబులో నలగ్గొట్టిన రిపోర్టులు చక్కగా వచ్చాయని, ఇవాళ ఎక్కించకపోతే పని వెనకబడ్డట్టు పైవాళ్ళకి కనపడుతుందని, ఆమె వచ్చి చూశాకే జాకీలు తీయిస్తానని అన్నాడు. "ఎంట్రీ వరకేనమ్మా" అన్నాడు.

లోపల హార్మోనియం మొదలైంది. ఏ స్లాబుకి అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు. ఆ రిపోర్టులు మొదటి లారీ సరుకుతో పోసిన దిమ్మలవని ఆమెకి తెలుసు, ఆఖరి లారీ గురించి అవి ఏమీ చెప్పవనీ తెలుసు. పైన ఇంకో స్లాబు కూడా విప్పడానికి సిద్ధంగా ఉంది, దానికే అనుకుంది. అనుకుంది, అంతే. నంబరు చదివి, ఫోన్ ఆపేసి, గబగబా లోపలికి వెళ్ళింది. మగవాళ్ళ వైపు కూర్చున్న లాజరు ఆమె వెళ్ళడం, రావడం చూశాడు. చూసి చిన్నగా నవ్వాడు. ఆమె తల దించుకుని పాట అందుకుంది.

సోమవారం పొద్దున్నే ఆమె కాంక్రీటులో కలిపే బూడిద నాణ్యత చూడటానికి ఇబ్రహీంపట్నం ప్లాంటుకి వెళ్ళింది. అక్కడి నుంచి సైటుకి వచ్చి పైస్లాబు చూద్దామనుకుంది. ఈలోగా సైటు సూపర్‌వైజరు వెంకటప్పయ్య ఫోన్ చేశాడు. మేడమ్, పోర్టికో, అని మాత్రం అన్నాడు. మేస్త్రీ గారు, అన్నాడు.

ఆమె వచ్చేసరికి దుమ్ము అణిగింది. పోర్టికో చివరి భాగం విరిగి, ఇనప చువ్వలకి వేలాడుతూ నేలకి ఆనింది. కూలీలంతా గేటు దగ్గర నిలబడి ఉన్నారు, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆఖరి వరసకి అందరినీ బయటికి పంపేశాడు కదా. క్రేను రావడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా కృప ఆ శిథిలం ముందు నిలబడి నాన్నా నాన్నా అని పిలుస్తూనే ఉంది. ఎత్తాక కనపడిన దాని గురించి చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. తలపాగాని బట్టి ఆనవాలు పట్టారు.

భూస్థాపన అయింది. బంధువులు వెళ్ళిపోయారు. జయకృష్ణ ఇంటికి వచ్చాడు. చెడ్డవాడని చెప్పి చేతులు దులుపుకుందామంటే కుదరదు, ఆయన కళ్ళు కూడా వాచి ఉన్నాయి. లాజరు ఫోటోకి దండం పెట్టి, కృప తల్లి శౌరమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కృపని వరండాలోకి పిలిచాడు. పైస్లాబుదీ పోర్టికోదీ కలిపి ఒకే అనుమతిగా ఎక్కించానని, పోర్టికో సంగతి ఆ హడావుడిలో మర్చిపోయానని అన్నాడు. మర్చిపోయాడో, మర్చిపోదల్చుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. జాకీలు పక్క బ్లాకుకి కావలసి వచ్చాయన్నది మాత్రం ఆయనే ఒప్పుకున్నాడు.

తర్వాత అసలు విషయానికి వచ్చాడు. విచారణ మొదలవుతోంది. చైనులో చూస్తే ఆదివారం కృప సైటులో ఉండి, స్లాబు చూసి, విప్పమన్నట్టు ఉంది. దాన్ని ఎవరూ చెరపలేరు. అయితే జాకీలు విప్పడం ఎప్పుడు మొదలైందన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. అందులో శనివారం సాయంత్రం అని వేస్తే చాలు. అనుమతి రాకముందే మేస్త్రీ తొందరపడి పోర్టికో జాకీలు వదులు చేశాడని, అందుకే స్లాబు లోపల చీలిందని, ఆ సంగతి ఇంజినీరుకి తెలియదని తేలుతుంది. ఇద్దరి ఓటీపీలు చాలు.

"ఆయన్ని తప్పు పట్టడం కాదమ్మా ఇది," అన్నాడు. "పోయినాయన రాడు. ఆయనకి ఇంక ఏ కేసూ లేదు, ఏ ఉద్యోగమూ లేదు. నువ్వు బతకాల్సినదానివి. మీ అమ్మకి నువ్వొక్కదానివే దిక్కు. మీ నాన్నే ఉంటే ఏమంటాడు చెప్పు?"

నాన్నే ఉంటే వేసెయ్యి పాపా అంటాడు. అది కృపకి తెలుసు, అదే ఆమెని కోసింది. ఆలోచించి చెబుతానంది. ఆయన వెళ్ళాక వరండాలోనే చాలాసేపు కూర్చుంది. జైలు అన్న మాట ఎవరూ అనలేదు గానీ అది అక్కడే తిరుగుతోంది. భయం వేసింది. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. శనివారం సాయంత్రం అని వేసేద్దామనే అనుకుంది. ఒక అబద్ధం ఇప్పటికే తన పేరు మీద ఎక్కింది, ఇంకొకటి ఎక్కితే ఏమవుతుందనుకుంది.

అప్పుడు శౌరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకి వరండాలో జరిగింది తెలియదు. కానీ మాట అప్పటికే పేటలోకి పాకింది. సైటులో పనిచేసే ఎవరో వచ్చి, మేస్త్రీ అనుమతి రాకముందే తొందరపడి విప్పాడంటగా అన్నారట.

"మీ నాన్న అట్టా చేసే మనిషా?" అంది శౌరమ్మ. "సోమవారం పొద్దున సద్దన్నం తింటా ఫోను చూపిచ్చాడు నాకు. ఇదిగో పాప పేరు, పాప చూసింది, ఇంక దిగులు లేదన్నాడు. నాకేం తెలుస్తది, పచ్చగా ఉంది. ముందే విప్పినోడు అట్టా ఎందుకు చూపిస్తాడు? నలభై ఏళ్ళు కాపరం చేశా. కూలోళ్ళ మీద ఇసక రేణువు పడనిచ్చేవాడు కాదు. ఆయన మీద ఇట్టాంటి మాట పెడితే వాళ్ళ నోట్లో పురుగులు పడతాయి."

కృప లేచి గదిలోకి వెళ్ళింది. ఫోన్‌లో చైను తెరిచి కొత్త ఎంట్రీ మొదలుపెట్టింది. ఆదివారం నేను సైటులో లేను, చర్చిలో ఉన్నాను. స్లాబు చూడలేదు. ఓటీపీ ఫోన్‌లో చెప్పాను. ఆఖరి లారీలో నీళ్ళు కలిపారని నాకు ముందే తెలుసు, చైనులో రాయలేదు. మేస్త్రీ లాజరు అనుమతి వచ్చాకే విప్పాడు. ఆయన తప్పు లేదు. అక్షరాలు తప్పుపడుతుంటే దిద్దుకుంటూ కొట్టింది. తన ఓటీపీ తనే వేసింది. పంపించు అన్నది నొక్కింది.

తెర మీద పసుపుపచ్చ గుర్తు వచ్చింది. జయకృష్ణది రెండో సంతకం రావాలి. అప్పటిదాకా ఇది ఆయనకి తప్ప ఎవరికీ కనపడదు, ఒక రోజులో రాకపోతే దానంతటదే పోతుంది.

ఆమె జయకృష్ణకి ఫోన్ చేసింది. ఆయన వెంటనే ఎత్తాడు.

"సార్, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటది. చెప్పండి."

మెసేజి తెరిచి చదువుతున్నట్టున్నాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు. టీవీ శబ్దం వినపడింది, ఎవరో పిల్ల నాన్నా అని పిలిచింది.

"ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. ఫోన్ పెట్టేశాడు.

కృప ఆ పసుపు గుర్తుని చూస్తూ నిలబడింది. అబద్ధానికి నలుగురి దగ్గరా కాపలా ఉంది, నిజానికి మాత్రం ఒక రోజు గడువు. ఆమెకి నవ్వు కూడా వచ్చింది, ఏడుపు కంటే చేదైన నవ్వు. తర్వాత అలమరలోంచి తెల్లకాగితం తీసుకుని అదే మాటలు పెన్నుతో రాసి, కింద సంతకం పెట్టింది. పొద్దున్నే పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలనుకుంది. దానికి రెండో సంతకం అక్కర్లేదు. కానీ అంతకంటే ముందు చెప్పవలసిన మనిషి వంటింట్లో ఉంది.

శౌరమ్మ కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతోంది. కృప ఎదురుగా నేల మీద కూర్చుంది. కాగితం చేతిలోనే ఉంది గానీ దాన్ని చూడలేదు. చర్చిలో చెప్పుల గూళ్ళ దగ్గర ఫోన్ ఎత్తినప్పటి నుంచీ మొత్తం చెప్పింది. తను అడగని రెండు మాటలు కూడా చెప్పింది.

"నాన్న చూసిన టిక్కు నేను చూసి పెట్టింది కాదమ్మా," అంది. "నన్ను నమ్మి పోయాడు."

తరిగే చెయ్యి ఆగింది. శౌరమ్మ కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందని, కొడుతుందని కృప ఎదురుచూసింది. కొడితే బాగుండుననుకుంది.

"పూజ మధ్యలో ఫోను పట్టుకుని పోయావే," అంది శౌరమ్మ చివరికి. "ఇంటికొస్తా మీ నాన్న ఏమన్నాడో తెలుసా? మన పాప లేకపోతే అక్కడ ఒక్క పనీ కదలదే శౌరీ, గుళ్ళో ఉన్నా వదలరు అన్నాడు. దారిపొడుగునా అదే మాట. వంతెన కాడ ఆగి, ఎదురొచ్చినోళ్ళకి కూడా చెప్పాడు."

మళ్ళీ కత్తిపీట మీదికి వంగి, తరగాల్సిన కాయలు తరిగింది. ఆ రాత్రి ఆమె కూతురితో ఇంకేమీ మాట్లాడలేదు. పొద్దున్నే కృప కాగితం తీసుకుని బయల్దేరుతుంటే మాత్రం చెప్పులు వేసుకుని, ఒక అడుగు వెనగ్గా, స్టేషన్ దాకా నడిచి వచ్చింది.